రూపాయంత బొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో స్వప్న సొంత స్టూడియో పెట్టి నెల కూడా కాలేదు. అంతకు ముందు ఎనిమిదేళ్లు వేరేవాళ్ల దగ్గర పెళ్ళికూతుళ్ల మొటిమలు చెరిపి చెరిపి చెయ్యి తిరిగింది. "ఇగ నా బోర్డు నేనే పెట్టుకుంట" అని తల్లి ఈరమ్మ దగ్గర పంతం పట్టి మరీ పెట్టింది.

ఆ బోర్డు చూసి వచ్చిన మొదటి పెద్ద పని పట్టాభి, కుసుమకుమారి దంపతులది. గుంటూరు వైపు వాళ్లు, ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డారు. వాళ్ల పెళ్ళికి వచ్చిన ఫోటోగ్రాఫర్ మహానుభావుడు రీలు ఎక్కించకుండానే రోజంతా క్లిక్కుమనిపించాడట. ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు ఆ పెళ్ళికి యాభై ఏళ్లు నిండాయి.

"అప్పట్లోలాగే నలుపు తెలుపులో కావాలమ్మా" అన్నారు పట్టాభిగారు.

పూలదండలు, పట్టుచీర, ఆవిడ నుదుట రూపాయంత ఎర్రటి బొట్టు. స్వప్న ముచ్చటపడి తీసింది.

రంగుల ఫోటోని నలుపు తెలుపు చేయడానికి ఆమె కంప్యూటర్‌లోని ఫోటో సాఫ్ట్‌వేర్‌కి కొత్త ప్లగిన్ ఒకటి తగిలించుకుంది. అందులో తయారుగా ఉన్న రకాల్లో ఒకటి నొక్కగానే ముడతలు తేలిపోయి ఇద్దరి ముఖాలూ వెలిగాయి. మురిసిపోయి, మళ్ళీ చూడకుండా ఫ్రేము కట్టించేసింది.

ఫ్రేము అందుకున్న కుసుమకుమారిగారు చటుక్కున తన నుదురు తడుముకున్నారు.

"ఇదేంటమ్మా? ఆయన పక్కనుండగానే నా బొట్టు తీసేశావు!"

స్వప్న ఫ్రేములోకి తొంగిచూసింది. ముఖాలు తెల్లగా రావడానికి ప్లగిన్ ఎరుపునంతా వెలుగు చేసేసింది. దాంతో బొట్టూ పోయింది. సాఫ్ట్‌వేర్ రాసినవాడికి బొట్టు సంగతేం తెలుసు? తెలియాల్సింది స్వప్నకి. తండ్రి పోయిననాడు ఈరమ్మ నుదురు కళ్లారా చూసిన పిల్ల ఆమె. సిగ్గుతో చచ్చిపోయింది.

"తప్పు నాదే ఆంటీ. జర కూసోండ్రి, మీ ముందల్నే సరిచేస్త."

"పోనీ పెన్నుతో దిద్దుకుందాంలే కుసుమా" అన్న పట్టాభిగారు, భార్య చూసిన చూపుకి నోరు మూసుకున్నారు.

స్వప్న ప్లగిన్‌లో ఎరుపు మీట కిందికి లాగింది. బొట్టు నల్లగా పైకొచ్చింది. పెదాలూ నల్లబడితే అక్కడికి మాత్రం ఆ మార్పును తుడిచేసింది. ముడతలు కొన్ని తిరిగొచ్చాయి. వాటిని తీయబోతే కుసుమకుమారిగారే ఆపారు.

"ఉండనీ. అవి లేకపోతే నన్ను ఈయనే గుర్తుపట్టరు."

ఆ కొలతలను స్వప్న 'కుసుమకుమారి' అనే పేరుతో ప్లగిన్‌లో దాచుకుంది. ఇక ఏ ఆడమనిషి ఫోటో అయినా ముందు దాంతోనే.

కొత్త ప్రింటు బయటికొచ్చింది. ఆవిడ ఫోటోలో బొట్టు మీద వేలు పెట్టి చూసుకుని, కళ్లు తుడుచుకున్నారు.

"ఏవండీ, మన పెళ్ళి ఫోటో వచ్చింది."