తాళాలక్క ఒప్పుకోని ఉత్తర్వు

మా వీధి చివర, ఇస్త్రీ కొట్టుకీ మందుల షాపుకీ నడుమ, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాల్సినంత కొట్టు ఒకటుంది. గోడల నిండా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు. బల్ల మీద ఆకురాళ్లు, తాళంచెవులు కోసే చిన్న మిషను. ఆ బల్ల వెనక కూర్చునే మనిషిని ఊరంతా తాళాలక్క అంటుంది. యాభై దాటింది. పెళ్లి మాట ఎత్తితే "తీరిక దొరకలేదమ్మా" అని నవ్వేస్తుంది.

ఈ పని ఆవిడకి వాళ్ల నాన్న నేర్పాడు. పనితో పాటు ఒక పట్టింపు కూడా నేర్పాడు. మారు తాళంచెవి చేస్తే అది ఇంటి మనిషి చేతిలోనే పెట్టాలి, నమూనా కొట్లో ఉంచుకోకూడదు, ఎవరు ఎందుకు తాళం మార్చుకున్నారో నోరు జారకూడదు. ముప్ఫయ్యేళ్లుగా ఆమె ఆ మాట దాటలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం అక్కగారింట్లోనే. బావ పురపాలక ఆఫీసులో హెడ్ గుమాస్తా. మనిషి మంచివాడు, కాగితమంటే ప్రాణం. అన్నం ముందు కూర్చున్న దగ్గర్నుంచి చెయ్యి కడుక్కునేదాకా మరదలితో వాదన పెట్టుకోకపోతే ఆయనకి తిన్నది అరగదు.

"ప్రభుత్వం తల్లిలాంటిది మరదలా. పిల్లల మంచి కోసమే ఏదైనా చేస్తుంది," అనేవాడు.

"తల్లైనా ఎదిగిన పిల్ల స్నానాల గది తలుపు తట్టే పిలుస్తుంది బావా," అనేది ఈవిడ.

అక్క ఇద్దరి మధ్యా కూర గిన్నె పెట్టి, "ముందు ఇది తేల్చండి," అనేది.

ఆ వేసవిలో పక్క వీధి మూడంతస్తుల ఇంట్లో నిప్పంటుకుంది. రెండో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. ఇనుప తలుపు, లోపల గడియ వెయ్యలేదు గానీ బయట్నుంచి చెవితో తప్ప రాని గట్టి తాళం. అగ్నిమాపక దళం వాళ్లు దాన్ని పగలగొట్టేసరికి పావుగంట పట్టింది. మాస్టారు బతికారు. కానీ పొగ మింగి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. ఆ పావుగంటా బావ కింద వీధిలోనే నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి మాస్టారి దగ్గు వినబడుతుంటే ఏమీ చెయ్యలేక చేతులు నలుపుకున్నాడు. ఆ దగ్గు ఆయన్ని వదల్లేదు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. రాసింది బావే. ప్రతి ఇంటి మారు తాళంచెవి, చిరునామా చీటీతో సహా, ఆఫీసులో ఇవ్వాలి. ఇక మీదట తాళాలు చేసేవాళ్లు చేసిన ప్రతి తాళంచెవికీ ఒక నకలు ఆఫీసుకి పంపాలి.

ఆ మర్నాడే ఒక నర్సు కొట్టుకి వచ్చింది. ఏడాదిలో ఆమె తాళం మార్చడం అది మూడోసారి. విడిపోయిన మొగుడు ఎలాగోలా తాళంచెవి సంపాదించి, ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లోకొచ్చి కూర్చుంటున్నాడు. అతను పనిచేసేది ఆ పురపాలక ఆఫీసులోనే.

"అక్కా, దీనికి కూడా నకలు పంపాలా?" అని అడిగింది.

"నేను పంపను," అంది తాళాలక్క. ఆకురాయి ఆపకుండానే అంది.

ఆదివారం అక్కగారింట్లో కూర చల్లారిపోయింది.

"నీకేమైంది మరదలా? ఇంకో మాస్టారు అలా దగ్గుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"తలుపు పగలగొట్టండి. ప్రాణం కంటే తలుపెక్కువా? నేను కాదనేది ఏ నిప్పూ లేనప్పుడు నా ఇంటి తాళంచెవి మీ బీరువాలో ఎందుకుండాలని."

"తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?"

"మరి మన ఇంటిది ఇచ్చారా?" అంది అక్క హఠాత్తుగా.

బావ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఇస్తాను. రేపిస్తాను."

"నా బీరువా తాళంచెవి మీకే ఇవ్వలేదు ఇన్నేళ్లూ. ఇక ఇంటి తాళంచెవి మీ ఆఫీసుకిస్తారటండీ?" అని అక్క మజ్జిగ పోసింది.

బావ ఆ రోజు నవ్వలేదు. మరదల్ని తిన్నగా చూసి అడిగాడు, "నీ దగ్గరేదో కారణముంది. చెప్పు."

"ఉంది. చెప్పలేను. చెబితే నా కొట్టు నేనే మూసుకోవాలి."

నకళ్లు పంపనందుకు వారం తిరక్కుండా కొట్టుకి ఆఫీసువాళ్లే సీలు వేశారు. విచారణ అయ్యేదాకా తాళంచెవులు చెయ్యకూడదన్నారు. ఆవిడ చిన్న నూనె డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బిగుసుకున్న తాళాలు బాగుచేసింది. "చెయ్యకూడదన్నారు గానీ నూనె వెయ్యకూడదనలేదుగా," అంది ఇస్త్రీ ఆయనతో. పైకి అలా అంది గానీ, తండ్రి ఇచ్చిన ఆ కొట్టు ముందునుంచి వెళ్లాల్సొస్తే తల తిప్పుకుని అవతలి పక్కన నడిచేది.

విచారణకి పురపాలక హాలు నిండిపోయింది. చైర్మన్ గారు పెద్దావిడ, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే అలవాటున్న మనిషి. బావ ఉత్తర్వు చదివాడు, మాస్టారికి జరిగింది చెప్పాడు. చాలామంది తలలూపారు. నిజమే మరి, కళ్లారా చూసినవాళ్లే అందరూ.

అప్పుడు మాస్టారే లేచారు. రెండు మాటలకోసారి ఆగుతూ చెప్పారు. "నా తాళంచెవి తీసుకోండి. ఇదిగో, తెచ్చాను. ఇష్టపడి ఇస్తున్నాను. కానీ నా పేరు చెప్పి పక్కింటివాళ్ల దగ్గర లాక్కోకండి. నాకు ఊపిరి ఆడకపోతే ఊరందరి ఊపిరీ మీ చేతికివ్వాలా?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. చైర్మన్ గారు తాళాలక్క వైపు తిరిగి, "మీరెందుకు ఒప్పుకోలేదమ్మా?" అని అడిగారు.

"మా నాన్న ఒప్పుకోడు కాబట్టండి," అంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

వెనక వరసలోంచి నర్సు లేచింది. "ఆవిడ నా కోసం నోరు కట్టుకున్నారు. నేను చెబుతాను. ఒక మనిషి నా ఇంట్లోకి రాకుండా మూడు తాళాలు మార్చాను. ఆ మనిషి ఈ భవనంలోనే పనిచేస్తాడు. పేరడక్కండి. నాలుగో తాళం మార్చినా తాళంచెవి ఈ భవనంలోనే ఉంటుందంటే, ఇంక నేనెందుకు మార్చుకోవాలో చెప్పండి."

బావ చేతిలోని కాగితం కిందికి దించాడు. తాళంచెవుల బీరువా ఉన్న గదిలోకి ఎంతమంది వెళ్లొస్తారో ఆయనకి తెలుసు. మనసులో లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత చైర్మన్ గారికి నమస్కారం పెట్టి, "అమ్మా, ఇది నేను తొందరలో రాశాను. మళ్లీ రాస్తాను, అనుమతివ్వండి," అన్నాడు. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన రాసింది ఆయనే కొట్టేసుకోవడం అదే మొదలు.

మర్నాడు సీలు తీశారు. ఆ ఆదివారం కంచాలు తీశాక బల్ల మీద తెల్లకాగితాలు పరుచుకుని బావా మరదళ్లు కూర్చున్నారు. ఇష్టమున్నవాళ్లు తాళంచెవి ఇవ్వచ్చు, ఎప్పుడడిగినా వెనక్కివ్వాలి. నిప్పో ప్రమాదమో అయితే తలుపు పగలగొట్టచ్చు. వేరే ఏ పనికైనా జడ్జీగారి సంతకం, ఇంటి మనిషి సమక్షం కావాలి. 'అవసరమైనచో' అని బావ రాస్తే, "ఎవరికి అవసరమైతే?" అని ఈవిడ కొట్టేయించింది. 'తక్షణ ప్రాణాపాయం' దగ్గర గంటన్నర కొట్టుకున్నారు. 'ఆస్తి నష్టం' కూడా ఉండాలని ఆయన, వద్దని ఈవిడ. చివరికి 'పక్కిళ్లకి నిప్పు పాకేటప్పుడు' అని రాద్దామని బావ అంటే ఒప్పందానికొచ్చారు. అందులో బావ చెప్పిందే సబబని ఆవిడ ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

ఇంకోటి ఆవిడ తనంతట తాను చేసింది. ఇనుప తలుపు తాళం పావుగంట పట్టకుండా ఎలా తియ్యాలో అగ్నిమాపక దళం వాళ్లకి నేర్పుతానంది. ఇప్పుడు నెలకో సోమవారం వాళ్ల షెడ్డులో పాత తలుపొకటి నిలబెట్టి నేర్పుతోంది. మూడు నిమిషాల్లో తీసేస్తున్నారు. నర్సుకి ఆ నాలుగో తాళం మార్చాల్సిన పని పడలేదు. ఆ మొగుడెవరో చైర్మన్ గారు విచారించి తెలుసుకుని, వేరే ఊరికి బదిలీ చేయించారు.

పోయిన నెల బావ రిటైరయ్యాడు. పొద్దున్నే పేపరు చంకన పెట్టుకుని కొట్టుకి వచ్చి స్టూలు మీద కూర్చుంటున్నాడు. వీధుల్లో కెమెరాలు పెట్టడం మంచిదని ఆయన. అవి ఎవరి కిటికీ వైపు తిరిగున్నాయో ముందు చూసి రమ్మని ఈవిడ. బేరానికొచ్చినవాళ్లు మెట్టు మీద ఆగి, వాదన ఒక కొలిక్కొచ్చేదాకా వింటూ నిలబడుతున్నారు.