కళ్ళు మిగిలిన వినాయకుడు

ఆ మంగళవారాలు తలపుకొస్తే ముందుగా కనబడేది ఆళ్ళగడ్డలోని రేకుల షెడ్డు. అందులో ఉన్నవి వరసగా చెప్తాను (వరసగా చెప్పకపోతే నాకు ఊపిరాడదు): సగం చెక్కిన నంది, తల ఇంకా రాయిలోనే ఉన్న అమ్మవారు, ఆగని ఉలి చప్పుడు, అన్నిటి మీదా రాతిపొడి, మజ్జిగ కుండ, ఆ పొడి పడకుండా తువ్వాలు కప్పిన కంప్యూటరు, శిల్పులందరికీ పెద్దయిన పెద్దాచారి, ఆయన తమ్ముడి కూతురు. ఆమె పేరు చెప్పను. మా నంద్యాల ఆఫీసులో ఆమెను సీలు మేడమ్ అనేవాళ్ళు. వచ్చిన ప్రతి కాగితం మీదా ‘అందినది’ అని సీలు వేసేది ఆమే. ఎప్పుడూ కాస్త వంకరగా వేసేది. ఆ వంకర చూడ్డానికి నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

అప్పుడు నేను నంద్యాలలో, గుళ్ళ కోసం విగ్రహాల ఆర్డర్లు తీసుకునే ఒక కంపెనీలో కొత్తగా చేరిన ట్రైనీని. ఆర్డర్లు మావి, చెక్కడం పెద్దాచారి వాళ్ళది. ప్రతి మంగళవారం కాగితాలు సంచిలో పెట్టుకొని, శిరివెళ్ళ మీదుగా బస్సులో పోయి, సీలు వేయించుకొని రావడం నా పని. సీలు వేయడానికి ఎంతసేపు పడుతుంది? మజ్జిగ తాగడం, నంది మూతి ఎంతవరకు వచ్చిందో చూడడం, సీలు ప్యాడు ఆరిపోయిందని ఆమె నవ్వడం అన్నీ కలిపితే పూట గడిచేది. ఇది మా మేనేజరు కంట పడింది. “ఏందప్పా, ఇంజనీరింగ్ చదివి సంచి మోస్తాండావ్? ఆడా కంప్యూటరుంది, ఈడా కంప్యూటరుంది. కాగితాలు అవే పంపుకునేట్టు చెయ్. నడిచిందా, నీ ఉద్యోగం పర్మనెంటు. నడవలేదా, వేరే యాడన్నా చూసుకో” అన్నాడు.

నేను పద్ధతిగా పట్టీ రాశాను. లాభాలు: ఆర్డరు క్షణంలో చేరుతుంది, ఒకే కొలతను రెండుచోట్ల రాయక్కర్లేదు, కాగితం పోయే భయం లేదు. నష్టాలు: రెండు వైపులా ఒకే కోడ్లు వాడాలి, ఆళ్ళగడ్డలో కరెంటు ఉండాలి. మంగళవారాలు ఉండవన్న సంగతి ఏ వరసలో రాయాలో తోచక వదిలేశాను.

సిస్టం తయారైంది. పని చేస్తుందో లేదో చూద్దామని ఉత్తుత్తి ఆర్డరు ఒకటి పంపాను: వినాయకుడు, ఒక అడుగు, ఒకటి. గుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే ముందుకు కదలదు కాబట్టి మా ఆఫీసు చిరునామా రాశాను. రెప్పపాటులో జవాబొచ్చింది: ‘అందినది. యూజర్ 2’. వంకర లేదు, సిరా మరక లేదు. అయినా ఆ రెండు అంకె ఆమెదే కదా అని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత పంపిన ఆర్డర్లలో ఏ ఒక్కటీ ‘పూర్తయింది’ అనలేదు. ఆ మాట రాకపోతే లారీ కాగితాలు పుట్టవు. మేనేజరు ముఖం నల్లబడింది. ఫోను చేస్తే సీలు మేడమ్, “మా పెద్దనాయన నొక్కనీడు సార్. మీరే వచ్చి మాట్లాడండి” అంది. ఉద్యోగం పోయే వేళ అంత సంతోషంగా బస్సెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

షెడ్డులో పెద్దాచారి ఉలి దించకుండానే, “రాప్పా కంప్యూటరప్పా. కండ్లు తెరవకుండా పూర్తయిందని యాడన్నా చెప్తారా? కండ్లు తెరిచేది ప్రతిష్ఠ నాడు, గుళ్ళో” అన్నాడు. అంటే పూర్తయిందంటే తప్ప లారీ కదలదు, లారీ కదిలితే తప్ప కళ్ళు తెరవరు, కళ్ళు తెరిస్తే తప్ప పూర్తికాదు. (కాలేజీలో డెడ్‌లాక్ అనే ఈ ముడి గురించి పరీక్ష కూడా రాశాను, మంచి మార్కులొచ్చాయి.) ఆయన మూలకు చెయ్యి చూపించాడు. “సరే గానీ, మీ ఆఫీసులో గుడి కడతాండారా ఏంది?”

ఆ మూల నా ఉత్తుత్తి వినాయకుడు కూర్చొని ఉన్నాడు. అడుగు ఎత్తు, చక్కటి బొజ్జ, కళ్ళ చోట నున్నటి రాయి. “అది ఊరికే పంపి చూసిందయ్యా, రద్దు చేద్దాం” అన్నాను. రెండు వైపులా ఒప్పుకుంటే తప్ప ఆర్డరు రద్దు కాకూడదని గొప్పగా నియమం పెట్టింది నేనే.

“చెక్కిన దేవుణ్ణి రద్దు చేసేదేందప్పా!” అని ఆయన నా వైపు చూసిన చూపుకు నంది కూడా మోకరిల్లేది.

సీలు మేడమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతూ, “పూర్తయిందికి ముందు ఇంకో మెట్టు పెట్టరాదా సార్? కళ్ళు మిగిలాయి అని. లారీని దానికే కదలనీండి” అంది. అక్కడే కూర్చొని పెట్టాను. పెద్దాచారి చెయ్యి తుడుచుకొని తనే నొక్కాడు. ఆ సాయంత్రమే మొదటి లారీ వెలుగోడు వైపు కదిలింది. నా ఉద్యోగం నిలిచింది.

బయల్దేరుతుంటే ఆమె, “ఇంక రారా సార్?” అంది. నేనేమన్నానో తెలుసా? “అక్కర్లేదండీ, అన్నీ అక్కణ్ణుంచే అయిపోతాయి. దీని ప్రధాన లాభమే అది” అన్నాను. వివరంగా, వేళ్ళు మడిచి మరీ చెప్పాను. ఆమె తల ఊపి, తువ్వాలు తీసి కంప్యూటరు మీద కప్పింది.

ఆ తర్వాత ‘అందినది. యూజర్ 2’ అని వచ్చిన ప్రతిసారీ నాలో నేను నవ్వుకునేవాణ్ణి. చాలా నెలల తర్వాత వేరే పని మీద ఫోను చేస్తే ఎవరో కుర్రవాడు ఎత్తాడు. “అక్కనా? టీచరుద్యోగం వచ్చి శ్రీశైలం దిక్కు పోయింది సార్. ఎండాకాలంలోనే. అప్పట్నుంచీ నేనే నొక్కుతాండా” అన్నాడు. ఎండాకాలం నుంచి నేను ఎవరిని చూసి నవ్వుకుంటున్నానో అప్పుడు తెలిసింది. యూజర్ 2 మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయలేదు. నా సిస్టం అంత బాగా నడుస్తోంది.

మేనేజరు ఇప్పటికీ నెలాఖరున అడుగుతాడు, “ఆ వినాయకుణ్ణి లిస్టులోంచి తీసేయరాదా?” అని. పెద్దాచారి ఒప్పుకోడని చెప్తాను. నిజానికి ఆయన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు. నేనూ ఒప్పుకోలేదు.

ఈ నెల పూర్తయిన ఆర్డర్లు పదకొండు. కళ్ళు మిగిలినది ఒకటి.