వెనకద్దం మీద దేవుని కృప

పెద్దపల్లిలో మా బాపు కారు వెనక్కి తీస్తూ చర్చి గేటును గుద్దిన రోజే నేను తాళంచెవి లాక్కున్నాను. చలికాలం పొద్దు, బయట మంచు. కారు లోపల నలుగురు ఆడవాళ్లం గొంతెత్తి పాటలు పాడుతుంటే అద్దాలన్నీ ఆవిరి పట్టాయి.

"ఎనుక అద్దం కనబడలే బిడ్డా. దానికి ఆవిరి పోయేటట్టు వేడెక్కే గీతలుంటయి, గవి పనిచేస్తలేవు" అన్నాడు బాపు.

"అద్దం కాదు, నీ కండ్లే పోయినయ్. ఇగ బండి ముట్టకు" అన్నాను.

బాపు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. కరెంటుంటే వెలిగే టెస్ట్ లైటు పెట్టి చూడనిదే ఏ వైరునూ నమ్మడు. నేను టీచర్ని. తీర్పు చెప్పడానికి నాకు లైటెందుకు? ముఖం చూసి మార్కులు వేసేస్తాను.

ఆ రోజు నుంచి బాపు చర్చికి రావడం మానేశాడు. ఆటోలో పోదామంటే, "నన్ను ఎవలో మోసుకపోవుడు గింత జల్దీనా?" అన్నాడు. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. నాకు ఒళ్లు మండింది, భయం కూడా వేసింది. కారుకు ఏ రోగమూ లేదని ఆయన కళ్లముందే తేల్చేద్దామని కరీంనగర్‌లో కారు కరెంటు పనులు చేసే మెకానిక్ దగ్గరికి, కిరాయి డ్రైవర్‌ను పెట్టుకుని, కారునూ బాపునూ తీసుకుపోయాను.

అతను ఏసీ వేసి చూశాడు. ముందద్దం ఇట్టే తేటపడింది. వెనకద్దం స్విచ్ నొక్కితే దాని లైటు వెలిగింది. ఫ్యూజు బాగుంది. కరెంటు కలిపే రిలే టక్కుమంది. "మంచిగుంది మేడం" అన్నప్పుడల్లా నేను బాపు వైపు చూశాను, ఫలితాలు చదివే హెడ్‌మాస్టర్‌లా.

బాపు జేబులోంచి తన పాత టెస్ట్ లైటు తీసిచ్చాడు. "జర గీతల మీద పెట్టి చూడు."

మెకానిక్ దాని మొనను మొదటి గీత మీద జరుపుతూ పోయాడు. బల్బు వెలుగుతూ వచ్చి, అద్దానికి అంటించిన స్టిక్కర్ అంచు దగ్గర ఆరిపోయింది. రెండో గీతా అక్కడే, మూడోదీ అక్కడే. అతను స్టిక్కర్ మూల లేపి చూశాడు.

"బ్లేడుతోని గీకిండ్రు. గీతలన్నీ తెగినయ్. ఎవలు గీకిండ్రు?"

అయ్యో నా బతుకు! గీకింది నేనే. మా దిక్కు పాత కారు కొంటే ఇంజను సంగతి తర్వాత, ముందు పాత ఓనరు దేవుణ్ణి దింపి మన దేవుణ్ణి ఎక్కించాలి. మాకు కారు అమ్మినాయన తన దేవుడి స్టిక్కర్‌ను ఎండకు పాడవకుండా లోపలి వైపు అంటించాడు. అది గీకేశాక గోధుమరంగు గీతలు కనిపిస్తే, పాత జిగురనుకుని వాటినీ వదల్లేదు. పైన "దేవుని కృప" అని జానెడంత అక్షరాలు అంటించాను. ఇల్లు కూడా ఎన్నడూ అంత శుభ్రంగా తుడిచిన దాన్ని కాదు.

"నేనే గీకిన, కండ్లు కనబడక" అన్నాడు బాపు, నా వైపు చూడకుండా.

సిగ్గుతో చచ్చిపోయాను. "లేదు, నేనే" అని తాళంచెవి ఆయన చేతికివ్వబోయాను. బాపు తీసుకోలేదు.

"ముందుగాల నన్ను గూడ టెస్ట్ చెయ్యి. చూడకుంట ఎవల్నీ నమ్మొద్దు."

రోడ్డవతల ఒక మందుల దుకాణం బోర్డు ఉంది. బాపు నిటారుగా నిలబడి పైనుంచి కింది దాకా గడగడా చదివాడు. ఆఖరి వరుస ఆయన సరిగ్గా చదివాడో లేదో నేను చెప్పలేను. అది నాకు కనబడలేదు.