దీపాలమ్మ దొంగసామి

తిరుపతిలో మా ఆట సంగతి తెలిసినవాళ్ళ మధ్య ఒక కథ తిరుగుతోంది. పాచికల ఆటలో తన వీరుడు చచ్చిపోయాడని అలిగి, తోటి ఆటగాణ్ణి కాణిపాకం దాకా లాక్కెళ్ళి ప్రమాణం చేయించిన చిత్తూరు మనిషి కథ అది. చెప్పేవాళ్ళు నవ్వుతూ చెబుతారు, వినేవాళ్ళు ఇంకా నవ్వుతారు. ఆ ప్రమాణం చేసింది నేను. కథలో ముఖ్యమైన ముక్క తప్పుగా ఉంది. అది అలా ఉండిపోవడానికి కారణం కూడా నేనే. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జికి మేనేజరును. వయసు యాభైకి దగ్గర పడింది. మా పై అంతస్తులో ఒక గది ఉంది. దాని గోడలు ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటాయి కాబట్టి యాత్రికులకు ఇవ్వం. ఆదివారం మధ్యాహ్నాలు అందులో కూర్చుని ఆడేవాళ్ళం. ఆట తెచ్చింది ఒక జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. బెంగుళూరులో చదివేటప్పుడు నేర్చుకున్నాడట. ఈ ఆటకు బోర్డు ఉండదు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు ఆ కథలో ఒక్కొక్క పాత్ర తీసుకుని, నేను ఇప్పుడు ఇలా చేస్తాను అని చెబుతారు. అనుకున్నది నెరవేరిందో లేదో పాచిక తేలుస్తుంది. కత్తి పట్టే వీరుడు ఉంటాడు, మంత్రగత్తె ఉంటుంది, దేవుణ్ణి తలచి గాయాలు మాన్పే పూజారి ఉంటాడు. ఒకే కథ నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగుతుంది. గదులు ఊడ్చే ఆమె ఒకసారి ఆ పలకల పాచికలు చూసి, "పిల్లోళ్ళకు తెచ్చినారా సార్?" అని అడిగింది. అవునన్నాను.

కథ నడిపేది లెక్చరరే. ఆయన్ను సార్ అనేవాళ్ళం. మంత్రగత్తె పాత్ర ఆడింది ఒక నర్సు. చర్చి అయ్యాక నేరుగా లాడ్జికి వచ్చేది, బైబిలు కిటికీలో పెట్టి పాచికలు చేతిలోకి తీసుకునేది. వీరుడి పాత్ర చిత్తూరాయనది. అక్కడొక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నాకంటే కాస్త చిన్న. తాగుడు మానేసి ఎంతోకాలం కాలేదు. పని ఉన్న రోజుల్లో ఇబ్బంది లేదు, సెలవు రోజే కష్టం. "ఆదివారం ఒక్కటి దాటిస్తే సాలబ్బా" అనేవాడు. ఆ ఒక్క రోజు దాటడానికి బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవాడు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆట మొదలైనప్పుడు సార్ నన్ను పూజారి పాత్ర తీసుకోమన్నాడు. నేను వెనకాడాను. కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి. దేవుడు పలికినట్టు నటించడం, అదీ ఆటకు, నాకు ఒప్పుగా తోచలేదు. అది చెబితే సార్ నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "అయితే మీకు సరిపోయేది ఒకటి ఉంది" అన్నాడు. చూడ్డానికి పూజారి, లోపల దేవుడూ లేడు, మహిమా లేదు. గాయం మీద చేయి ఆన్చి స్తోత్రం చదువుతాడు, ఆ చేతిలోనే మందు దాచి ఉంటాడు. రంగుల పొడితో వెలుగు పుట్టిస్తాడు, గొంతు మార్చి దేవత మాట వినిపిస్తాడు. మందు ఉన్నంతవరకు గాయాలు మానతాయి. అయిపోతే ఉత్త స్తోత్రమే, నొప్పి కాసేపు మరిచిపోతారు, అంతే. సంగతి ఆ ఆటగాడికి, కథ నడిపేవాడికి తప్ప మూడో మనిషికి తెలియకూడదు. తెలిసిందంటే ఆ పాత్ర పని అయిపోయినట్టే.

నాకు నచ్చింది. లేని దేవతను లేనట్టే ఆడితే పాపం లేదనుకున్నాను. దీపాలమ్మ అని ఒక దేవతను కల్పించుకున్నాను. ఆమె పూజారిగా తక్కినవాళ్ళ ముందు కూర్చున్నాను. సార్, నేను మాత్రం ఫోన్లో ఆ పాత్రను దొంగసామి అనుకునేవాళ్ళం.

ఒప్పుకోవాలి, నేను బాగా ఆడాను. కౌంటరు దగ్గర రోజంతా రకరకాల భాషల వాళ్ళకు నచ్చజెప్పే గొంతు ఎలాగూ ఉంది. పాచిక అరచేతిలో మూసి వేసి, సార్‌కు మాత్రం చూపించేవాణ్ణి. అది దీపాలమ్మ పూజారులకు ఉండే నియమం అని చెప్పాను, నమ్మారు. నా స్తోత్రం ముగియగానే నర్సు ఆమెన్ అనేది. చిత్తూరాయన తన వీరుడికి దెబ్బ తగిలిన ప్రతిసారీ, "సామీ, దీపాలమ్మను లేపప్పా, మనోడు పడిపోయినాడు" అనేవాడు. ఆ మాటలో ఎగతాళి ఉండేది, దాంతోపాటు నమ్మకమూ ఉండేది.

ఆ వీరుణ్ణి అతను చాలాకాలంగా పెంచుకుంటూ వచ్చాడు. తాగుడు మానిన కొత్తలో మొదలుపెట్టిన పాత్ర అది. వీరుడు కూడా కల్లు ముట్టడని తనే ఒక నియమం పెట్టాడు. కథలో ఎక్కడ సత్రం వచ్చినా, "మనోనికి మజ్జిగ" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం.

వీరుడు చచ్చిపోయిన ఆదివారం జరిగింది ఇదీ. ఒక వంతెన దగ్గర పోరు. అంతకు ముందే నా మందు అయిపోయింది. అది సార్‌కు తెలుసు, నాకు తెలుసు. వీరుడికి అప్పటికే పెద్ద గాయం. వెనక్కి పోదామని నర్సు అంది. చిత్తూరాయన నా వైపు తిరిగి అడిగాడు.

"సామీ, నువ్వు చెయ్యి పెడితే నేను వంతెన మీదికి పోతా. లేదంటే పోను. చెప్పు."

వద్దు అంటే సరిపోయేది. కారణం చెప్పనక్కర్లేదు, దీపాలమ్మ వద్దంటోంది అన్నా సరిపోయేది. కానీ ఆ రోజు గొంతు మంచి ఊపులో ఉంది. చేయి ఆన్చినట్టు నటించి, అంతకుముందు ఎన్నడూ చదవనంత పొడుగు స్తోత్రం చదివి, పాచిక మూసి వేసి, "అమ్మ పలికింది, పో" అన్నాను. సార్ నా వైపు చూసి, ఏమీ అనకుండా కథ కొనసాగించాడు. వీరుడు వంతెన మీదికి వెళ్ళాడు. రెండో దెబ్బకు పడిపోయాడు.

చిత్తూరాయన తన పాచికలు పక్కకు జరిపాడు. తర్వాత నన్నడిగాడు.

"నిజం చెప్పబ్బా. నీకు ముందే తెలుసు గదా?"

"ఏం తెలుసు?"

"గాయం మానలేదని. ఆ పాచిక మాకెవురికీ ఎందుకు చూపీవు నువ్వు?"

"అమ్మ పలికిందనుకున్నానప్పా. పలకలేదు. నేనేం చేసేది?"

"సార్, మీరు చెప్పండి."

సార్ కాగితాలు సర్దుకుంటూ, "ఆటలో చావులుంటాయి" అన్నాడు.

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏందన్నా, బొమ్మ పగిలిన పిల్లోని మాదిరి! ఇంగో వీరుణ్ణి చేసుకుందువులే."

"నవ్వుమా, నవ్వు. నేను బాధ పడేది నువ్వు నవ్వినందుకు గాదు. వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారు. తెలిసి పంపినారు నన్ను."

లేదని నేను గట్టిగా చెప్పాను. అతను అప్పుడన్నాడు, "అయితే కాణిపాకం రా. దేవుని ముందర చెప్పు."

బయటివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. మా జిల్లాలో వింత కాదు. పొలం గట్టు తగాదా అయినా, దొంగతనం అయినా, అన్నదమ్ముల మాట పట్టింపు అయినా, ఎటూ తేలనప్పుడు కాణిపాకం వినాయకుడి దగ్గరికి పోయి ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధం చెప్పినవాణ్ణి ఆయన ఊరుకోడని చిన్నప్పటి నుంచీ వింటాం. పాచికల ఆట గురించి ఎవరైనా అక్కడికి పోయారేమో నాకు తెలియదు. వారం తిరిగాక మేం పోయాం.

వారం మధ్యలో సార్ ఫోన్ చేశాడు. కథ చివరికి వస్తోంది, రహస్యం ఇప్పుడు బయటపడితే ఇన్నాళ్ళ శ్రమ పోతుంది, కొంచెం ఓర్చుకోండి అన్నాడు. ప్రమాణం మాట ఎత్తితే, "ఆయన ఊరికే అన్నాడు, మీరు రానంటే మర్చిపోతాడు" అన్నాడు. రానంటే తప్పు నాదని తేలిపోతుంది కదా అని నేను వెళ్ళాను. అసలు ఒప్పుకోవడం అనే దారి ఒకటి ఉందని ఆ వారం రోజులూ నాకు తట్టలేదు. తట్టినా అది పాత్రకు ద్రోహం అనుకుని ఉంటాను. ఇంత వయసొచ్చి, ఒక కాగితం మీది దొంగ పట్ల నమ్మకంగా ఉన్నాను.

సార్ రాలేదు, నర్సు మాత్రం వచ్చింది. లోపలికి రాలేదు, మా చెప్పులు, ఫోన్లు పట్టుకుని బయట నిలబడింది. "మీ పంచాయితీ మీ దేవుని దగ్గర తెంచుకోండి. నేను ఈడ చెరుకు రసం తాగుతాంటా" అంది.

స్నానం చేసి వరుసలో నిలబడ్డాం. వరుసలో అతను నాతో మామూలుగానే మాట్లాడాడు. ఈసారి కాయ ముందుగా వస్తుందని, లారీలు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు దాకా నిలుస్తాయని చెప్పాడు. దేవుడి దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి తోపులాట, ముందు నుంచి జరగండి జరగండి అని కేకలు. అతను నా చెవి దగ్గర అన్నాడు, "ముందే తెలిసి పంపలేదని చెప్పు. అంతే సాలు. నేను నోరు మూసుకుంటా."

"ముందే తెలిసి పంపలేదు" అన్నాను, చేతులు జోడించి, పైకి వినపడేటట్టు.

అంతలో మమ్మల్ని పక్కకు నెట్టేశారు.

బయటికి వచ్చాక అతను నర్సుతో, "అయిపోయిందిమా. తప్పు నాదే" అన్నాడు. నాకు దణ్ణం పెట్టాడు. పెద్దవాళ్ళకు పెట్టినట్టు రెండు చేతులతో పెట్టాడు. చిత్తూరు దగ్గరే కాబట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నర్సు ఫోన్ చేస్తే పని ఉందన్నాడు. సార్ తన స్టూడెంట్లను ఇద్దరిని చేర్చుకున్నాడు. కాణిపాకం కథ వాళ్ళ నోట పడి కాలేజీ దాటింది.

అబద్ధపు ప్రమాణం చేసినందుకు నాకేమీ కాలేదు. లాడ్జి నడుస్తూనే ఉంది, ఒళ్ళు బాగానే ఉంది. చాలామంది ఇలాంటి చోట ఏదో ఒక దెబ్బ తగిలిందని రాస్తారు. నాకు తగల్లేదు.

కథ ముగిసిన రోజు సార్ చాలా సంబరంగా ఉన్నాడు. అందరినీ కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ మీరు పూజారి అనుకున్న మనిషి పూజారే కాదు, దీపాలమ్మ అనే దేవతే లేదు, అంతా మందూ రంగుపొడీ, మేమిద్దరం దొంగసామి అనుకునేవాళ్ళం అని చెప్పాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి నన్ను భుజాల మీద తట్టారు. నర్సు కూడా ముందు నవ్వింది. "అయ్యో, చర్చి నుంచి నేరుగా వచ్చి నీ దొంగసామికి ఆమెన్ అంటినే అన్నా!" అంది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వు ఆగింది.

"ఉండన్నా. వంతెన కాడ మందు ఉండిందా?"

"లేదు" అన్నాను.

"నీకు తెలుసు."

"తెలుసు."

"అంటే ఆయన చెప్పింది నిజమే."

సార్, "అది ఆ పాత్ర స్వభావం, అలాగే ఆడాలి" అన్నాడు. నర్సు ఆయన వైపు చూడలేదు.

"ఆటలో దొంగసామివి సరే. కాణిపాకంలో యాడ ఉండాడు ఆ దొంగసామి? ఆడ నిలబడింది నువ్వు గదన్నా. నేను మీ చెప్పులు పట్టుకుని నిలబడితి, ఆయన తప్పు నాదే అంటే తలకాయ ఊపితి." బైబిలు తీసుకుని లేచింది. "పోయి చెప్పిరా. చెప్పేదాకా నేను రాను."

వెంటనే వెళ్ళలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ గడిపాను. చివరికి చిత్తూరు వెళ్ళేసరికి మళ్ళీ మామిడి కాలం వచ్చింది. ఆదివారమే వెళ్ళాను. ఇంట్లో లేడు, ఫ్యాక్టరీలో ఉన్నాడన్నారు. గేటు బయట లారీల మధ్య నిలబడి కబురు పంపితే తలకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. మోచేతుల దాకా పసుపు రంగు. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. అది చూడగానే నాకు ఎంత తేలికైందంటే, చెప్పకుండా తిరిగిపోవచ్చు అనిపించింది. కానీ చెప్పాను. మందు అయిపోయిందని, నాకు తెలుసని, తెలిసే పొమ్మన్నానని.

"తెలుసులేబ్బా" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ పొద్దే. దేవుని ముందర చెప్పేటప్పుడు నువ్వు దీపాలమ్మ గొంతు పెట్టినావు. నీ మామూలు గొంతు గాదు అది."

నేను దాన్ని గమనించలేదు. ఇప్పుడు తలచుకుంటే అతను చెప్పిందే నిజమై ఉండాలి.

"మరి తప్పు నాదే అన్నావెందుకప్పా?"

"ఇంగేమనేది? దేవుని దగ్గర తెంచుకుందామన్నది నేనే. ఆడ నువ్వు చెప్పినాంక నేను కాదంటే దేవుణ్ణి కూడా కాదన్నట్టే గదా." చేతుల మీది గుజ్జు గుడ్డకు తుడుచుకున్నాడు. "వీరుడు పోతే పోనీ. ముగ్గురూ కలిసి నన్ను అబద్ధాలోణ్ణి చేసి నవ్వితిరి సూడు, అది పడలేకపోయినా. కాణిపాకం నుంచి వచ్చిన వారం సారాయంగడి దాకా పోయినా. నిలబడినా. తిరిగొచ్చినా. ఆ మర్నాడే మేనేజరును అడిగి ఆదివారం కూడా డ్యూటీ ఏపిచ్చుకున్నా."

క్షమించమన్నాను. అతను ఆ మాటను పట్టించుకోలేదు. ఎవరో లోపలినుంచి కేకేశారు, లారీ తూకానికి వచ్చిందట.

"మళ్ళీ రాప్పా ఆదివారం" అన్నాను.

"రాను" అన్నాడు, కోపం లేకుండానే. రెండడుగులు వేసి తిరిగి చూశాడు. "నాతో చెప్పేదానికి ఇంత దూరం వస్తివి. నాకు తెలిసిందే గదబ్బా అది. తెలియనోళ్ళు శానామంది ఉండారు తిరపతిలో. వాళ్ళకు చెప్పుపో."

నర్సుకు చెప్పాను. కుర్రాళ్ళకు చెప్పాను. సార్ విని, ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నాడు. ఆ కథ ఇంకా ఎంతమంది చెప్పుకుంటున్నారో, వాళ్ళెవరో నాకు తెలియదు. కాణిపాకం దాకా పోయిన ఆ చిత్తూరు మనిషి అలిగి పోలేదు. అతను అడిగింది నిజం, నేను దేవుడి ముందు చెప్పింది అబద్ధం.