కారుకి కొత్త కమాన్లు వేసిన రోజు

మా చిన్నప్పుడు ఓ పొద్దున... పలాసలో మా ఇంటి ముందు, కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. కమ్మరి అప్పలసామివి. నాన్న వంగి చూస్తున్నారు.

రైల్వేలో పనిచేసిన ఓ దొర ఊరు వదిలి వెళ్తూ నాన్నకి అమ్మిన చిన్న కారు అది. ముందు ఇద్దరు, వెనక ఇరుక్కుంటే ఇద్దరు... అంతే. నాన్నది కొబ్బరి వ్యాపారం. ఉద్దానం ఊళ్లన్నీ అందులోనే తిరిగేవారు. ఆ ఇసుకలో, ఆ గోతుల్లో పడీ పడీ దాని కమాన్లు అరిగిపోయాయి. కమాన్లంటే చక్రాల మీద కుదుపుని ఆపే ఇనప పట్టీల కట్టలు.

అప్పలసామి బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

“బాబూ, ఎనక కమానులో రెండు పట్టీలు ఇరిగిపోనాయి. కొత్తవి ఏసినదాకా బండి కదపకండి.”

కొత్తవి కలకత్తా నుంచి రావాలి. నాన్న ఉత్తరం రాశారు. నెల దాటినా రాలేదు...

అమ్మకి అప్పుడు ఏడో నెల. పురిటికి బారువ దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాలి. తాతయ్య ఎడ్లబండి పంపిస్తామన్నారు. ఇంట్లో కారుండగా ఎడ్లబండి ఏమిటని నాన్న ఒప్పుకోలేదు. కొబ్బరి తాడు తెచ్చి విరిగిన కమానుకి తనే బిగించి చుట్టారు.

“అప్పలసామి వొద్దన్నాడు కదండీ,” అంది అమ్మ.

“ఆడికేటి తెల్సు? మెల్లగా తోల్తాను. నువ్వెక్కు.”

అమ్మ ఎక్కింది. నేను వెనక సీట్లో, ఒళ్లో అమ్మ చీరల మూటతో.

సోంపేట దాటాక తాడు తెగింది. అక్కడి నుంచి గొయ్యి వచ్చినప్పుడల్లా కారు ధడేలుమని ఇరుసు మీద కూర్చునేది. అమ్మ తలుపు పట్టుకుని పెదవి కొరుక్కుంటోంది. “ఆపండి,” అంది ఒకసారి. “ఒచ్చీసేం... ఒచ్చీసేం...” అంటూ నాన్న తోలుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. తమ్ముడు పుట్టాడు... ఏడవలేదు. అమ్మమ్మ గుడ్డలో చుట్టి తోట వైపు తీసుకెళ్లింది.

ఎవరో నాకు అన్నం పెట్టారు. తిన్నాను. బీరకాయ కూర. అది గుర్తుంది. తమ్ముడి మొహం చూడలేదు. ఏడుపూ రాలేదు.

కుదుపుల వల్లేనని ఎవరూ అనలేదు... కాదనీ అనలేదు.

తాతయ్య ఎడ్లే కారుని పలాసదాకా లాక్కొచ్చాయి. నాన్నతో పాటు నేనూ వచ్చేశాను. పది రోజులకి స్టేషన్లో కమాన్ల పార్సిలు దిగింది.

కారుని దుంగల మీదికెత్తి, వెనక చక్రాలు ఊడదీసి, నాన్నా అప్పలసామీ పగలంతా పనిచేశారు. పాత కమాన్లు దించారు. కొత్త పట్టీలు వరసగా పేర్చి బోల్టులు బిగించారు. పట్టీల చివరి చుట్టల్లో బుషులనే కొత్త ఇత్తడి గొట్టాలు దిగ్గొట్టారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను.

పనయ్యాక అప్పలసామి అడిగాడు. “పాత పట్టీలు ఇప్పించండి బాబూ. కత్తులు సేసుకుంటాను.”

“పట్టుకుపో. నా కంటికి అగుపడకూడదు.”

నెల తర్వాత అమ్మని తీసుకురావడానికి అదే కారులో వెళ్లాం. అమ్మ వాకిట్లో నిలబడి కారుని చూసింది.

“ఎడ్లబండి కట్టించమంటావేటే?” అంది అమ్మమ్మ.

అమ్మ వద్దన్నట్టు తలూపి, వచ్చి కూర్చుంది.

అవే దారులు, అవే గోతులు... కారు పడవలా తేలిపోయింది. కాశీబుగ్గ దగ్గర పడ్డాక నాన్న దారి మీంచి చూపు తిప్పకుండా అడిగారు.

“కుదుపేటైనా ఉందా?”

“నేదు,” అంది అమ్మ.

అంతే. ఆ తర్వాత వాళ్లు బతికినన్నాళ్లూ ఆ విషయం మాట్లాడుకోగా నేను వినలేదు.

నాకిప్పుడు తొంభై ఏడు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో టైపు చేస్తోంది. ఇప్పుడు బారువదాకా తారురోడ్డే... పిల్లలు ఎక్కగానే నిద్రపోతారు. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.

మీ ఇంట్లో కూడా ఆలస్యంగా బాగుచేయించుకున్న వస్తువేదైనా ఉందా... ఉంటే రాయండి. మనవరాలు చదివి వినిపిస్తుంది.