ఫేబీకి చెన్నైలో తేదీ

ఫేబీకి ముప్పై ఎనిమిదేళ్ళు. అల్లూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. అమ్మా నాన్నా పోయాక అక్క సామ్రాజ్యం ఇంట్లోనే ఉంటోంది. మనిషి మంచిదేగానీ ముక్కుసూటి అని ఊళ్ళో పేరు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె అద్దంలో ముక్కు చూసుకుంది.

అక్క కూతురు షారన్ నెల్లూరులో సైకాలజీ చదువుతోంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి అన్నం తింటూ, "పిన్నీ, మా క్లాసులో ఆటిజం గురించి చెప్పినారు. వింటా ఉంటే నీ గురించే చెప్తా ఉన్నట్టుండాది" అంది.

ఫేబీకి కోపం రాలేదు. ఇంకా ఏమేం చెప్పారని అడిగింది. పెళ్ళిళ్ళలో తల పగిలిపోవడం, చెప్పకుండా ఎవరైనా ఇంటికొస్తే నోరు పెగలకపోవడం, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే వాళ్ళ మాట చెవికెక్కకపోవడం. వీటన్నిటికీ కలిపి ఒక పేరుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

ఆటిజం చూసే డాక్టరు దగ్గరికి నెల్లూరు వెళితే, ఆయన తలెత్తకుండానే, "పాపను లోపలికి తీసుకురామ్మా" అన్నాడు.

"నేనే సార్ పాపను."

డాక్టరు తలెత్తాడు. పెద్దవాళ్ళకు ఇక్కడ చూడరని చెప్పి, చెన్నైలో ఒక ఆసుపత్రి పేరు రాసిచ్చాడు. అక్కడికి ఫోన్ చేస్తే దాదాపు ఏడాది తర్వాత తేదీ ఇచ్చారు.

సామ్రాజ్యం కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. వారం తిరక్కుండా పాస్టరు క్రీస్తుదాసు గారు ఇంటికొచ్చి, ప్రార్థన చేయడానికి ఫేబీ తలమీద చెయ్యి పెట్టబోయారు.

"చెయ్యి పెట్టొద్దు అయ్యగారూ. స్వస్థత కూడా వద్దు. తేదీ ముందుకు జరగాలని చెయ్యండి, చాలు."

ఆయన చెయ్యి దించి, అలాగే ప్రార్థన చేశారు. తేదీ జరిగింది, వెనక్కి. డాక్టరమ్మ సెలవులో ఉన్నారు, వానలు పోయాక రమ్మని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు.

ఫేబీ రెండు రోజులు దుప్పటి తీయలేదు. డాక్టరు చెప్పేదాకా ఏదీ అడిగే హక్కు తనకు లేదనుకుని, అన్నీ పళ్ళబిగువున ఓర్చుకుంటూ వచ్చింది. ఆ ఓర్పు ఒక్కసారిగా అయిపోయింది.

షారన్ ఫోన్ చేసింది. "డాక్టరు కాగితం వచ్చినాక ఏం చేద్దామనుకున్నావో అది ఇప్పుడే చేసెయ్ పిన్నీ. ఎవురొద్దన్నారు?"

నిజమే, ఎవరూ వద్దనలేదు. మర్నాడు ఫేబీ ల్యాబు యజమాని గిరిబాబు దగ్గరికి వెళ్ళింది. "అన్నా, నేను పని చేసేటప్పుడు రైతులు నా నెత్తిన నిలబడి మాట్లాడకూడదు. సీసాలు కిటికీలో పెట్టి పోవాల."

"డాక్టరు చెప్పినాడా?"

"ఇంకా లేదు."

"మరి?"

"చెప్పినా ఇదే అడుగుతా అన్నా."

గిరిబాబు సీసాలు పెట్టడానికి కిటికీకి ఒక చెక్క కొట్టించాడు. ఆదివారం చర్చిలో ఫేబీ స్పీకరు పెట్టె పక్కనుంచి లేచి వరండాలో కూర్చుంది. సామ్రాజ్యం మూడు వారాలు మొహం మాడ్చుకుంది. నాలుగో వారం తనూ వచ్చి పక్కన కూలబడింది.

"ఆ పెట్టెతో నాకూ చెవులు పోతా ఉండాయిలే" అంది.

వానలు వెళ్ళాక అక్కచెల్లెళ్ళు చెన్నై రైలెక్కారు. డాక్టరమ్మ తెలుగు మనిషే. చిన్నతనం గురించి అడిగితే ఫేబీకి చాలా వాటికి జవాబు తెలియలేదు. సామ్రాజ్యమే చెప్పింది.

"కొత్త గౌను తొడిగితే ఒళ్ళంతా కాలినట్టు ఏడ్చేది మేడం. అందుకని ఏ గౌను తెచ్చినా ముందు నేను నెల రోజులు ఉతికి, ఆరేసి, మెత్తబడినాకే ఇచ్చేదాన్ని. అమ్మకు కూడా చెప్పలా."

ఫేబీ అక్కవైపు తిరిగింది. ఆ గౌన్లు మెత్తగా ఉండడం ఆమెకు గుర్తుంది. అన్ని గౌన్లూ అలాగే కుడతారనుకుంది ఇన్నాళ్ళూ.

ఇంకో రెండుసార్లు రమ్మన్నారు. మూడోసారి డాక్టరమ్మ, "మీరనుకున్నదే, ఆటిజమే" అని చెప్పింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. సామ్రాజ్యం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"బాధతోనా, సంతోషంతోనా?" అడిగింది ఫేబీ.

"నాకే తెలవడంలా మే."

"సరే. తెలిసినాక చెప్పు" అని ఫేబీ బస్సు నంబరు చూడడానికి రోడ్డు అంచుకు వెళ్ళింది.