చెంగు ముడిలో నల్ల ఉండ

మా కాలంలో రైలు పెట్టెలో తిండి మూట విప్పినవాళ్ళు ఎదుటివాళ్ళను పిలవకుండా నోట్లో పెట్టుకోకూడదు. "రాండప్పా, తిందాం" అని మూట ముందుకు జరపాలి. ఎదుటివాళ్ళు "కానీండి, మేము తినే ఎక్కినాం" అనాలి, కడుపు కాలుతున్నా సరే. వీళ్ళు ఇంకోసారి పిలవాలి, వాళ్ళు ఇంకోసారి వద్దనాలి. అప్పుడు మూట విప్పినవాళ్ళు కొంచెం పక్కకు తిరిగి తింటారు. బౌరింగ్‌పేట నుంచి చిక్కబళ్ళాపురం వరకు చిన్న రైలులో నేను ఎన్నోసార్లు తిరిగాను. అలా పిలిచినప్పుడు నిజంగా చేయి చాపి తీసుకున్న మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె నా భార్య.

ఆమె పోయి ఎనిమిది నెలలయింది. ఆమె గురించి పెద్ద మాటలు రాయడం నాకు ఇష్టం లేదు. ఉన్నప్పుడు అనని మాటలు ఇప్పుడు రాస్తే నాకే నమ్మబుద్ధి కాదు. జరిగింది మాత్రం రాస్తాను.

మాది చింతామణిలో చెనిక్కాయల వ్యాపారం. వేరుశనగ జల్లెడ పట్టాక మిగిలే పుచ్చులు, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఒక మూల కుప్ప పోసేవాళ్ళం. స్టేషన్లో వేయించిన కాయలమ్మే మనిషి ఆ కుప్పను తీసుకుపోయేవాడు. ఉప్పు, కారం బాగా పట్టిస్తే పుచ్చు తెలియదు. చిన్నప్పటి నుంచి ఇది చూసినవాణ్ణి కనుక రైల్లో అమ్మే దేనినీ నేను నమ్మలేదు. వడ చూస్తే అది ఎన్నోసారి కాగిన నూనో అనుకునేవాణ్ణి. యుద్ధం రోజుల్లో కాఫీ పొడిలో చింతగింజలు వేయించి కలుపుతున్నారని అందరూ అనేవాళ్ళు. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తిరిగి ఇచ్చేసేవాణ్ణి. ఇవన్నీ ఒక ఎత్తు. తోటి ప్రయాణికులిచ్చే మిఠాయిలో ఉమ్మెత్త గింజలు నూరి కలిపి, తిన్నవాళ్ళు నిద్రపోగానే ఒంటిమీది బంగారం ఒలుచుకుపోతారన్న కథ ఇంకొక ఎత్తు. మా అంగట్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అలా మోసపోయిన బంధువొకడు ఉండేవాడు.

ఆ రోజుల్లో నేను మద్రాసులో మా రెండో అంగడి చూసుకుంటున్నాను. నా భార్యకు తొలి కాన్పు. ఎనిమిదో నెల రాగానే బాగేపల్లిలో పుట్టింటికి తీసుకుపోవాలనుకున్నాం. అంతకు ముందే నొప్పులు వచ్చాయి. బిడ్డ ఒక్క పూట బతికింది. మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. పక్కింటావిడ వచ్చి బాలింత మందు నూరి ఇస్తానంటే మా అమ్మ, "బిడ్డే లేనిదానికి బాలింత మందెందుకమ్మా?" అంది. తలకు గుడ్డ కట్టనివ్వలేదు, చెవుల్లో దూది పెట్టనివ్వలేదు. అలా చేస్తే మళ్ళీ అదే జరుగుతుందని మా అమ్మ భయం. నేను వసారాలో కూర్చుని విన్నాను. అవి ఆడవాళ్ళ విషయాలనుకుని ఊరుకున్నాను.

ఆ తరువాత నా భార్య తినడం మానేసింది. అలిగి కాదు, ఏడ్చి కాదు. అన్నం కలిపి ముందు పెడితే చూస్తూ కూర్చునేది. మజ్జిగ రెండు గుక్కలు తాగేది. ఎనిమిదో రోజుకు లేచి నిలబడితే గోడ పట్టుకునేది. డాక్టరు చూసి, ఇలాగే ఉంటే దక్కదని నాతో విడిగా చెప్పాడు. వాళ్ళమ్మ చేత్తో పెడితే తింటుందేమోనని బాగేపల్లికి బయలుదేరాను.

బౌరింగ్‌పేటలో పెద్ద రైలు దిగేసరికి తెల్లవారింది. చిన్న రైలు కదలడానికి ఇంకా సమయముంది. నేను ఎప్పుడూ నమ్మని తిండినంతా ఆ పొద్దు ఆమెకు ఒక్కొక్కటే చూపించి కావాలా అని అడిగాను. ఇడ్లీ? తల అడ్డంగా ఊపింది. ఉప్పూ కారమూ చల్లిన దోసకాయ? వద్దు. జామకాయ? వద్దు. బొరుగులు? నా వైపే చూడలేదు.

శ్రీనివాసపురంలో ఒక ముసలామె ఎక్కి మా ఎదుట కూర్చుంది. సేద్యం చేసే ఇంటి మనిషని చేతులు చూస్తే తెలిసింది. ఒళ్ళో ఇత్తడి డబ్బా. కాసేపటికి మూత తీసి, లోపల ఒక పక్కగా గుడ్డలో కట్టిన రాగిరొట్టె ముక్క తీసుకుంది. తినబోతూ మర్యాదకు మమ్మల్ని పిలిచింది.

"రాండప్పా, రామ్మా, తిందాం."

"కానీమ్మా, మేం తినే ఎక్కినాం," అన్నాను.

నా భార్య డబ్బాలోకి చూస్తోంది. అందులో నల్లటి ఉండలు, నిమ్మకాయంతవి. చేయి చాపింది.

ముసలామె రొట్టె ఒళ్ళో పెట్టేసింది. పెట్టెలో ఇద్దరు ముగ్గురు మా వైపు తిరిగారు. నాకు సిగ్గేసింది. ముసలామె నా భార్యను కింది నుంచి పైదాకా చూసి, డబ్బా మీద ఒక్క నిమిషం చేయి పెట్టి, రెండు ఉండలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఏముందమ్మా అందులో?" అన్నాను.

"తినేదే ఉండాదప్పా."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఉండలోంచి ఘాటైన వాసన వస్తోంది. నా భార్య దాన్ని కొంచెం కొంచెంగా కొరికి, నమిలి, పూర్తిగా తినింది. ఎనిమిది రోజుల్లో మొదటిసారి. నేను సంతోషపడాల్సింది. ఆమె కళ్ళు చూస్తూ కూర్చున్నాను. రెండోదాన్ని చెంగులో ముడివేసుకుని, కిటికీకి తల ఆనించి, పావుగంటలో నిద్రపోయింది. నిద్ర కూడా ఆమెకు ఎనిమిది రోజులుగా లేదు. నాకు మాత్రం ఉమ్మెత్త గింజలే గుర్తుకొచ్చాయి. ముక్కుపుడక చూశాను, చెవి కమ్మలు చూశాను. ఊపిరి లెక్కపెట్టాను. రవిక ముందు భాగం తడిగా ఉంటే, చెంబులో నీళ్ళు ఒలికాయనుకుని పైట సర్దాను. ముసలామె తన రొట్టె తింటూ నన్నే చూస్తోంది. నేను ఆమెనే చూస్తున్నాను.

చింతామణిలో కాయలమ్మే మనిషి మా కిటికీ దగ్గరికొచ్చాడు. నన్ను గుర్తుపట్టి గంప వెనక్కి తీసుకున్నాడు.

"మీకొద్దులే సామీ. ఇవి మీ అంగడివే."

"తెలుసు," అన్నాను.

"మీకు తెలిసేది నాకూ తెల్సు. తినేటోళ్ళకే తెల్దు," అని నవ్వుకుంటూ పక్క పెట్టెకు పోయాడు. ముసలామె కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా అనుమానం పెంచింది.

రైలు కదిలాక భార్య చెంగు ముడి మెల్లగా విప్పి, ఉండ తీసి గోటితో గిల్లి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు, మంట. ఇంక ఆలోచించలేదు. కిటికీలోంచి విసిరేశాను.

"పారేస్తివా?" అంది ముసలామె.

నేను వేళ్ళు పంచెకు తుడుచుకున్నాను.

"మందు పెట్టినాననుకుంటివా? చూడు." డబ్బాలోంచి ఒక ఉండ తీసి, కటుక్కున కొరికి, నా మొహంలోకి చూస్తూ నమిలింది. "చచ్చిపోతానేమో, సిడ్లఘట్ట వచ్చేదాకా చూస్తా కూచో."

"తప్పుగా అనుకోవద్దమ్మా. ఏమిటో తెలియక..."

"సొంటి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి. బాలింత ఉండప్పా. నా బిడ్డ సాదలిలో కనుండాది, దానికి తీసకపోతాండా. మీ ఇంట్లో చేయలేదా యీయమ్మకు?"

"బిడ్డ దక్కలేదు."

"బిడ్డ దక్కకపోతే? కన్న ఒళ్ళు కన్న ఒళ్ళు కాకుండా పోతాదా? ఆ రవిక చూడు. అవి నీళ్ళా?"

నేను చూశాను. ఆమెకు పాలు పడుతున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. వాసన పట్టి ఆమె చేయి చాపింది. అందరు బాలింతలకూ ఇచ్చేది తనకు మాత్రం ఎవరూ ఇవ్వలేదని ఆమెకు తెలుసు. మా అమ్మ ఇవ్వొద్దన్నప్పుడు నేను వసారాలో ఉన్నానని కూడా తెలుసు.

ముసలామె దిగాల్సిన సిడ్లఘట్ట దగ్గరపడుతోంది. నా జీవితంలో రైల్లో పరాయివాళ్ళను తిండి అడగడం అదొక్కసారే.

"అమ్మా, ఇంకొకటి ఇస్తావా?"

"మళ్ళా కిటికీలోనుంచి ఎగరేసేదానికా?"

"కాదమ్మా. వాళ్ళమ్మింటికి చేరేలోపు తింటుందని."

"నా బిడ్డకు తక్కువైతాయి," అని గొణుక్కుంటూనే ఒకటి తీసింది. నా చేతికివ్వలేదు. వంగి తనే నా భార్య చెంగులో పెట్టి, రెండు ముళ్ళు వేసి గట్టిగా లాగింది. "లేస్తే ఏమీ చెప్పద్దు. వాళ్ళమ్మతో దినామూ రెండు చేపించు," అని చెప్పి డబ్బా చంకలో పెట్టుకుని దిగిపోయింది.

చిక్కబళ్ళాపురం చేరే ముందు నా భార్య లేచింది. మొదట చెంగు తడుముకుంది. ముడి మీద వేళ్ళు ఆగాయి. తను వేసుకున్నది ఒక్క ముడి. దాన్ని కాసేపు చూసి, నన్ను చూసింది. నేను కిటికీ బయటికి చూశాను.

రెండు ముళ్ళూ విప్పి, ఉండను సగానికి విరిచి, ఒక సగం నా ముందుకు చాపింది.

"మీరు తినండి ముందు."

వద్దనడం మర్యాద. ఆ మర్యాదకు పిలిచిందో, అనుమానించినవాడితో తినిపించాలనే పిలిచిందో నాకు తెలియలేదు. తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. గొంతు మండింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను మింగేదాకా చూసి, తరువాత తన సగం తినింది.

బాగేపల్లిలో వాళ్ళమ్మ నెల రోజులు ఆ ఉండలు చేసి పెట్టింది. ఆమె కోలుకుంది. తరువాత మేము చాలా ఏళ్ళు కలిసి బతికాం, చాలా రైళ్ళెక్కాం. నేను కొన్న ఏ తిండి పొట్లమైనా విప్పి, ముందు నాకొక ముద్ద పెట్టి, నేను మింగాకే తను తినేది. అలవాటనుకునేవాణ్ణి, కొన్నిసార్లు అలా అనుకోలేకపోయేవాణ్ణి. ఆ రోజు చింతామణి దాటాక నేను ముడి విప్పినప్పుడు నిజంగా నిద్రపోతూనే ఉందా అని ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అడిగితే చెప్పేదే. అందుకే అడగలేదు.